పచ్చ దారంతో కుట్టిన ఆకు

స్టేషన్ ఘన్‌పూర్,
18 జూన్ 2025

చెల్లెలు పర్వీన్‌కు అన్న షంషుద్దీన్ దువాలు.

ఇక్కడ నేనూ మీ భాభీ అర్షియా క్షేమం. అక్కడ నువ్వూ, మీ ఆయన షాహిద్, అమ్మీ క్షేమమని తలుస్తాను. పదో తరగతి పరీక్షలో "మీ ఊరి జాతర గురించి మిత్రునికి లేఖ" రాసిన తర్వాత నేను ఉత్తరం రాయడం ఇదే. అందుకే సారు నేర్పిన బడి తెలుగే చేతికొస్తోంది. నవ్వకు.

ఫోనుండగా ఉత్తరమేమిటని అడుగుతావు. నీకు ఎప్పుడు ఫోను చేసినా అమ్మీ ఎత్తుతోంది. వాట్సాప్ పెడితే నీకన్నా ముందు ఆమే చూస్తోంది. కాబట్టి మీ బడి అడ్రసుకు రాస్తున్నాను. చదివి అక్కడే దాచెయ్.

సంగతేమిటంటే, అమ్మీ మీ ఇంటికి చూసిపోదామని రాలేదు, నా మీద అలిగి వచ్చింది. ముందు గదిలో కిటికీ పక్కన ఆమె పీస్ లిల్లీ కుండీ ఉండేది కదా. ఆ గదిలోనే ఉన్న నా కుట్టు షాపుకు కొత్త బొమ్మ కొన్నాను, జాకెట్టు తొడిగి నిలబెట్టే బొమ్మ. దానికి వెలుతురు పడాలని కుండీని వంటింటి మూలకు జరిపాను. అంతే. అమ్మీ పెట్టెలో సగం బట్టలు సంచిలోకి మారాయి.

"నా మొక్కకు జాగ లేని ఇంట్ల నాకేం జాగ ఉన్నట్టురా? రెండు నెలలు పర్వీన్ కాడికి పోత. నేనొచ్చేటాల్లకు నా మూడు మొక్కలు సక్కగ బతికుంటే ఈడ నాకు జాగ ఉన్నట్టు. లేదనుకో, నా పెట్టె గూడ భూపాలపల్లికే తెప్పిచ్చుకుంట."

ఆమె అన్నది తెలుగులో రాశాను. కోపం తక్కువగా కనిపిస్తే అది తెలుగు వల్లే, మన ఇంటి భాషలో ఇంకా గట్టిగా తగిలింది. పర్వీన్, అమ్మీ లేకుండా ఈ ఇల్లు నాకు వద్దు. ఆ మూడు మొక్కలూ బతకాలి.

ఇప్పుడు అసలు కష్టం. అమ్మీ బస్సెక్కగానే బొమ్మను పక్కకు జరిపి కుండీని మళ్ళీ కిటికీ దగ్గరికి తేబోయాను. బొమ్మ జారి స్నేక్ ప్లాంట్ మీద పడింది. నిలువుగా నిలబడే పెద్ద ఆకు ఒకటి జానెడు పొడవున చీలింది. నా చేతిలో ఉన్న విద్య ఒక్కటే కదా. సన్న సూది తీసుకుని కుట్టేశాను. ఆకు నడుమ పచ్చ దారం, అంచుకు పసుపు దారం. షేడు ఎంత బాగా కలిసిందంటే కుట్టు ఎక్కడుందో నాకే కనపడదు. అర్షియా మాత్రం తలకాయ కొట్టుకుంది. "జాకెట్టు అనుకున్నవా, మొక్క అనుకున్నవా?" అంది.

నాలుగు రోజులుగా కుట్టు చుట్టూ గోధుమ రంగు వస్తోంది. మనీ ప్లాంట్ ఆకులు పల్చబడ్డాయి. పీస్ లిల్లీ పూటకో తీరుగా ఉంటోంది. నువ్వు ఇంట్లో ఇరవై కుండీలు పెంచుతావు. ఏం చెయ్యాలో రాయి. అమ్మీకి తెలియనివ్వకు.

నీ అన్న,
షంషుద్దీన్
(టైలర్, లేడీస్ అండ్ జెంట్స్)


భూపాలపల్లి,
27 జూన్ 2025

భాయ్‌జాన్‌కు సలాం.

మీ ఉత్తరం బడికి వచ్చిన రోజు స్టాఫ్ రూములో ఎవరూ పాఠానికి పోలేదు. "ఈ కాలంల ఉత్తరమేంది మేడమ్, కోర్టు నోటీసా?" అని హెడ్ సారు రెండుసార్లు అడిగారు. ఆకు కుట్టిన దగ్గర నేను నవ్విన నవ్వుకు పక్క గదిలో మూడో తరగతి పిల్లలు కూడా నవ్వారట.

ముందు ఆ కుట్లు విప్పండి. చీలిన ఆకు అతుక్కోదు భాయ్, సూది గుచ్చిన ప్రతి చోటా కుళ్ళు మొదలవుతుంది. ఆ ఆకును మొదట్లోకి కోసి తీసేయండి. మిగతావి బతుకుతాయి. స్నేక్ ప్లాంట్‌కు నీళ్ళు చాలా తక్కువ కావాలి. మట్టి లోపలిదాకా పూర్తిగా ఎండాకే పోయాలి. ఈ వానాకాలంలో అయితే దాన్ని మరిచిపోయినా ఏమీ అనుకోదు.

మనీ ప్లాంట్ సీసాలో నీళ్ళు వారానికోసారి మార్చండి, సీసా లోపల పాకుడు కడగండి. పీస్ లిల్లీకి వెలుతురు కావాలి కానీ ఎండ నేరుగా తగలకూడదు. దానికి దాహమైతే ఆకులు వాలేస్తుంది, అప్పుడు నీళ్ళు పోస్తే సాయంత్రానికి లేచి కూర్చుంటుంది. ఇంత సులువైన మొక్క ఇంకోటి లేదు.

ఒక మాట దాచకుండా చెప్తాను. అమ్మీ ఇక్కడే ఉండిపోవాలని నాకూ ఉంది. మీ దగ్గర ఇన్నేళ్ళు ఉంది కదా. అయినా నేను మీకు తప్పు చెప్పను, దేవుడు చూస్తాడు. అమ్మీని నేను కాలు కింద పెట్టనివ్వడం లేదు. ఇక్కడ గనుల దుమ్ము ఆకుల మీద పడుతుంది, రెండు రోజులకోసారి తుడవాలి. అమ్మీ తడిగుడ్డ పట్టుకుంటే చాలు, లాక్కుని "నువ్వు కూర్చో అమ్మీ" అంటాను. కుండీలు తిప్పడం, ఎండిన ఆకులు తుంచడం అన్నీ నేనే. ఆమె కుర్చీలో కూర్చుని చూస్తుంది. ఇంత సుఖం అక్కడ ఎప్పుడైనా ఉందా?

భాభీకి సలాం చెప్పండి. ఆమె తలకాయ కొట్టుకోవడం న్యాయమే.

మీ చెల్లెలు,
పర్వీన్


స్టేషన్ ఘన్‌పూర్,
8 జూలై 2025

పర్వీన్‌కు,

దువాలు ఉన్నాయి కానీ కొంచెం తక్కువ ఉన్నాయి.

నువ్వు రాసినట్టే చేశాను. ఆకులు వాలితే దాహం అన్నావు. స్నేక్ ప్లాంట్ ఆకు ఒకటి పక్కకు వాలింది, నీళ్ళు పోశాను. తెల్లారి రెండోది వాలింది, ఇంకా పోశాను. మూడోది కూడా వాలేసరికి బకెట్టు పక్కనే పెట్టుకున్నాను. నిన్న ఒక ఆకు పట్టుకుంటే చేతికి ఊడి వచ్చింది. అడుగున గుజ్జు. ఆ వాసనకు గిరాకీ గడప దాటి లోపలికి రావడం లేదు.

పీస్ లిల్లీకి ఎండ తగలొద్దన్నావు. కిటికీకి పరదా కుట్టాను. సన్న బట్టయితే ఎండ దిగుతుందని రెండు పొరల లైనింగ్ వేశాను. ఇప్పుడు పగలు కూడా లైటు వేసుకుని కత్తిరించుకుంటున్నాను. అయినా ఆ మొక్క కొత్తగా ఒక్క ఆకు వెయ్యలేదు.

మనీ ప్లాంట్ గురించి నువ్వు నీళ్ళు మార్చమన్నావు, బలం సంగతి రాయలేదు. తీగ మెత్తగా వేలాడుతుంటే చూడలేక గంజి పోశాను. బట్టకు గంజి పెడితే నిలబడుతుంది కదా. సీసా పులిసింది. చీమలు పట్టాయి.

షాపు ఎదురుగా పూలమ్మే సత్తెమ్మక్క ఈ సంగతి విని ఏమందో తెలుసా? "అమ్మ ఎవల కాడుండాలె అన్న పంచాయితి ఉన్నప్పుడు చెల్లెను సలహా అడుగుతవా షంషుభాయ్? నీ అసొంటి అమాయకుని నేను చూడలే." నాకు అప్పుడు వెలిగింది. అమ్మీ అక్కడే ఉండాలని నువ్వే రాశావు. నా మొక్కలు చస్తే లాభం ఎవరికి? చదువుకున్నదానివి, బడిపిల్లలకు నీతి చెప్పేదానివి, అన్నకు ఇలా చేస్తావా?

నేను చాలా పరేషాన్‌లో ఉన్నాను. దీనికి జవాబు రాస్తే నిజం రాయి.

షంషుద్దీన్


భూపాలపల్లి,
16 జూలై 2025

భాయ్,

జాన్ అన్న మాట ఈసారి రాయబుద్ధి కాలేదు.

నా ఉత్తరం మీ దగ్గరే ఉంది కదా, తీసి మళ్ళీ చదవండి. ఆకులు వాలితే నీళ్ళు అన్నది పీస్ లిల్లీకి. స్నేక్ ప్లాంట్‌ను మరిచిపొమ్మన్నాను. మీరు మరిచిపోవాల్సినదానికి బకెట్టు పెట్టి, వెలుతురు కావాల్సినదాన్ని చీకట్లో పెట్టి, నీళ్ళతో బతికేదానికి గంజి పోసి, నేను కుట్ర చేశానంటారా? మీరు కుట్టిన జాకెట్టు బిగుతైతే తప్పు నా ఒంటిదని ఎన్నిసార్లు అనలేదు మీరు! ఇదీ అంతే.

బడిలో కళ్ళు తుడుచుకున్నాను. సుద్దముక్క పొడి పడిందని చెప్పాను. మీతో మాట బంద్. సలహాలు ఆ సత్తెమ్మక్కనే అడగండి.

తా.క. స్నేక్ ప్లాంట్ పూర్తిగా పోయినట్టు కాదు. కుళ్ళని ఆకు భాగం ఉంటే నాలుగు వేళ్ళ వెడల్పు ముక్కలు కోసి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చండి. ఒక్కో ముక్కకు వేరు పడుతుంది. కింది వైపు కిందికే ఉండాలి, తిరగేస్తే రాదు. పరదా తీసి పల్చటి పాత చున్నీ కట్టండి. గంజి పారబోసి, తీగ కొసలు తుంచి మంచినీళ్ళలో పెట్టండి.

తా.క. ఇంకొకటి. కొత్తది కొని తెచ్చి అదే ఇదని చెప్దామనుకుంటారేమో. అమ్మీకి ఒక్కో ఆకు మీద మచ్చ కూడా గుర్తే. అంతగా కొనాలనిపిస్తే ఆకు కింది వైపు తిప్పి పురుగులున్నాయేమో చూసుకోండి, కుండీ అడుగు చిల్లులోంచి వేర్లు గుత్తులుగా బయటికొచ్చినది వద్దు. ఇది నేను మీకు చెప్పడం లేదు, ఊరికే రాస్తున్నాను.

పర్వీన్


స్టేషన్ ఘన్‌పూర్,
27 జూలై 2025

చెల్లెలు పర్వీన్‌కు నిండు దువాలు.

నీ మొదటి ఉత్తరం అర్షియా బయటికి చదివింది. నువ్వు రాసింది నిజమే, నేను చదివిందే తప్పు. మాట బంద్ అంటే మాటే కదా, ఉత్తరం రాయొచ్చు. రాయి.

స్నేక్ ప్లాంట్ ముక్కలు కోశాను. ఆ పని మాత్రం నా అంత బాగా ఎవరూ చెయ్యలేరు. టేపు పెట్టి కొలిచి, పెద్ద కత్తెరతో, అన్నీ ఒకే సైజులో, అంచులు సాఫుగా. కోసి దొంతరగా పేర్చి, నీడలో ఆరబెట్టి, రెండు రోజుల తర్వాత గుచ్చబోతే నీ ఉత్తరంలో మాట గుర్తొచ్చింది. కింది వైపు ఏది? బట్టకైతే సుద్దతో గీత పెడతాను. వీటికి పెట్టలేదు. ఏ ముక్క ఎటు తిప్పినా ఒక్కటే. అర్షియాను పిలిస్తే "నువ్వే కోసినవు, నువ్వే ఏడువు" అంది. సగం ఇటు, సగం అటు గుచ్చాను. కనీసం సగమైనా సరైన వైపు ఉంటాయని ఆశ.

ఊరికే రాస్తున్నానని నువ్వు రాసింది చదివాక ఊరికే జనగామ పోయాను. నర్సరీలో మిగిలిన ఆకు ముక్క చూపించి "దీనికి మ్యాచింగ్ కావాలె" అన్నాను. అతను నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. మబ్బు పట్టి ఉంది, లోపల చీకటిగా ఉంది. ఆకు కింద చూశాను, చిల్లు చూశాను, రెండూ బాగున్నాయి. ఇంటికి తెచ్చి వెలుతురులో పెడితే ఆకులు గుండ్రంగా కర్రల్లాగా ఉన్నాయి. పసుపు అంచు లేనే లేదు. "గిది వేరే రకం స్నేక్ ప్లాంట్ కాక" అన్నాడు ఫోను చేస్తే. వాపసు తీసుకోడట.

పర్వీన్, నిజం రాయమని నేను నిన్ను అడిగాను, ఇప్పుడు నేను రాస్తాను. నాకు మొక్కల మీద ప్రేమ లేదు. ఎప్పుడూ లేదు. అమ్మీ పొద్దున్నే లేచి కుండీ కుండీకి "ఏం సంగతి నీది?" అంటూ తిరుగుతుంటే ఆ మాటలు వింటూ నేను మిషను తొక్కేవాణ్ణి. ఇప్పుడు మిషను చప్పుడు ఒక్కటే ఉంది. ఎంత పని చేసినా సగం రోజు మిగిలిపోతోంది. బొమ్మను షాపు వెనక గోడకు తిప్పి పెట్టాను, దాని మొహం చూడబుద్ధి కావడం లేదు. అమ్మీ ఆగస్టులో వచ్చి ఈ కుండీలు చూస్తుంది. నేను ఏం చెప్పాలి?

నీ అన్న,
షంషుద్దీన్


భూపాలపల్లి,
5 ఆగస్టు 2025

భాయ్‌జాన్‌కు సలాం. జాన్ మళ్ళీ వచ్చింది, చూసుకోండి.

మీరేమీ చెప్పనక్కరలేదు. అమ్మీకి మొదటి రోజు నుంచీ అన్నీ తెలుసు. సత్తెమ్మక్క రోజూ పూలబుట్ట ముందర కూర్చుని అమ్మీకి ఫోను చేస్తోంది. మీరు దారం రంగు వెతుక్కోవడం దగ్గర నుంచి నర్సరీ సంచి పట్టుకుని బస్సు దిగడం దాకా చేరవేసింది. ఆకు కుట్టిన సంగతి విని అమ్మీ కుర్చీలో వంగి నవ్వింది. "నా కొడుకు చిన్నప్పుడు బల్లి తోక ఊడితె గూడ అతికిస్తనన్నడు" అంది. మనం ఇద్దరం ఇన్నాళ్ళూ ఎవరికి దాస్తున్నామో నాకు తెలియదు.

నిన్న సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి అమ్మీ సంచి గుమ్మం దగ్గర ఉంది. గెలిచాననుకుని నేను ఎంత తొందరపడ్డానో వినండి.

"పెట్టె తెప్పించుకుంటున్నవా అమ్మీ?"

"తెప్పించుడేంది? నేనే పోతున్న."

"అక్కడ మొక్కలన్నీ ఖరాబైనయి. నువ్వన్న మాట ప్రకారం నువ్వు ఈడనే ఉండాలె."

"ఖరాబైనయి గనుకనే పోతున్న. నీ మొక్కలు చూడు, ఒక్క ఆకు వంక పెట్టేటట్టు లేదు. వాటికి నాతోని ఏం పని? తుడువబోతె గుడ్డ గుంజుకుంటవు. కూసో అమ్మీ, కూసో అమ్మీ అంటవు. కూసోని కూసోని నేనే ఒక కుండీ అయిన."

భాయ్, నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. సుద్దముక్క పొడి అని చెప్పడానికి అక్కడ సుద్దముక్క కూడా లేదు. ఆమెకు సుఖం ఇస్తున్నాననుకున్నాను. చేతిలో పని లాక్కుంటున్నానని అనుకోలేదు. అమ్మీ వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు మంచిగనే చూసుకున్నవు బేటీ, మరీ మంచిగ చూసుకున్నవు" అంది. దానికి ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

ఈ ఉత్తరం ఈసారి దాచాల్సిన పని లేదు కాబట్టి ఆమె ముందరే రాస్తున్నాను. ఆదివారం షాహిద్ పరకాల మీదుగా హనుమకొండ దాకా తీసుకొస్తాడు. బస్టాండుకు మీరు రండి. ఆ గుండ్రటి ఆకుల మొక్కను దాచొద్దు, దాని రేటు కూడా ఆమెకు తెలుసు.

మీ చెల్లెలు,
పర్వీన్


స్టేషన్ ఘన్‌పూర్,
13 ఆగస్టు 2025

చెల్లెలు పర్వీన్‌కు అన్న దువాలు, అమ్మీ దువాలు.

అమ్మీ క్షేమంగా చేరింది. బస్సులో కిటికీ సీటు దొరికింది. ఇంట్లో అడుగు పెట్టి, బురఖా కూడా విప్పకుండా కుండీల దగ్గరికి పోయింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ముందు ఆ ముక్కల కుండీ చూసింది. ఒక్కొక్క ముక్కను పట్టుకుని మెల్లగా లాగింది. కొన్ని వచ్చేశాయి, కొన్ని రాలేదు.

"వచ్చినయి తలకిందులువి. రానియి వేరు పట్టినయి. ఇంతదానికి ఇంత ఏడ్పేందిరా?"

అంటే అయిదు ముక్కలు బతికాయి పర్వీన్! నేను గుచ్చినవి! నాకు ఎంత సంతోషమైందంటే ఎదురుగా సత్తెమ్మక్క దగ్గర మూర మల్లెలు కొని అర్షియాకు ఇచ్చాను. ఆమె అనుమానంగా చూసింది.

పీస్ లిల్లీని మళ్ళీ కిటికీ పక్కన పెట్టించింది. నా పరదా చూసి, "పరదా మంచిగ కుట్టినవు" అని మడిచి తన పెట్టెలో పెట్టుకుంది. గుండ్రటి ఆకుల మొక్కను రెండు రోజులు పలకరించలేదు. నిన్న పొద్దున మిషను తొక్కుతుంటే లోపలి నుంచి వినిపించింది, "నీ సంగతేంది? ఏ ఊరు నీది?" అని. కాలు కాసేపు ఆగిపోయింది. నేను గెలిచినందుకు నాకేమీ గర్వం లేదు, ఎందుకంటే నేను గెలిచింది మొక్కలను చంపి. అయినా గెలిచాను.

నీ మీద కోపం లేదు. నీ కుండీలు అంత పచ్చగా ఉండడమే నీ దురదృష్టం.

నీ అన్న,
షంషుద్దీన్


భూపాలపల్లి,
25 ఆగస్టు 2025

భాయ్‌జాన్‌కు సలాం, భాభీకి సలాం, అయిదు ముక్కలకూ సలాం.

ఈ ఉత్తరం అమ్మీకి చూపించకండి.

అమ్మీ పోయిన రోజు నుంచి నేను ఏ కుండీకీ నీళ్ళు పోయలేదు. ఆకులు తుడవలేదు. పీస్ లిల్లీ శుక్రవారమే వాలిపోయింది, గోడకు ఆనుకుని ఉంది. షాహిద్ చూసి "పాపం దానికి దాహమైతున్నది" అని చెంబు తెచ్చాడు. చెంబు లాక్కున్నాను. నిన్న మనీ ప్లాంట్ సీసాలో నీళ్ళు అడుగంటాయి. ఈ మొక్కలను నేను నాలుగేళ్ళు పిల్లల్లా పెంచాను భాయ్, వాటి ముందు నుంచి నడిచిపోవడానికి సిగ్గేస్తోంది. అయినా గుండె రాయి చేసుకున్నాను.

పొద్దున అన్నింటికీ దగ్గరి నుంచి ఫోటోలు తీసి, ఒక్క మాట కూడా రాయకుండా మీ ఫోనుకు పంపాను. మీ ఫోనూ ఇప్పుడు ఆమె చేతిలోనే ఉంటుందని తెలుసు. మధ్యాహ్నం నేను పాఠం చెప్తుంటే ఫోను వచ్చింది.

"ఎన్ని దినాలైంది నీళ్ళు పోయక?"

"టైం దొరుకుత లేదు అమ్మీ."

ఆ మాట ఆమె నమ్మలేదు. నా సంగతి ఆమెకు తెలియదా? తర్వాత, "తుడిసెటప్పుడు గుడ్డ గుంజుకుంటవా?" అని అడిగింది.

"గుంజుకోను."

"కూసో అమ్మీ అంటవా?"

"అనను అమ్మీ. ఒక్కసారి గూడ అనను."

"హనుమకొండ బస్సు ఎన్నింటికి?" అంది.

భాయ్, మీ దగ్గర ఆమె ఎన్ని నెలలైనా ఉండనివ్వండి, నేను పోట్లాడను. కానీ మధ్యలో నాకూ కొన్ని రోజులు కావాలి. ఆదివారం ఆమె సంచి సర్దుతుంటే అడ్డం పడకండి. ఆమె బస్సెక్కినాక మాత్రం ఫోను చేసి చెప్పండి, ఆమె ఇక్కడికి చేరేలోపు వీటికి చెంబెడు నీళ్ళయినా పోస్తాను. పీస్ లిల్లీ నా వంక చూసే చూపు నేను ఇంక భరించలేను.

మీ చెల్లెలు,
పర్వీన్